తాగినోడి బిడ్డకు సర్కారు దీవెన

అమెరికాలో తాగుడు మాన్పించే ప్రైవేటు కేంద్రాలు కొన్ని కాలేజీ పిల్లలకు ఉపకార వేతనాలు ప్రకటిస్తుంటాయి. షరతు పెద్దదేం కాదు. మత్తు నీ బతుకునో నీ ఇంటినో ఎలా కూల్చిందో ఒక వ్యాసం రాసి పంపాలి. ఎవరి ఇల్లు బాగా కూలితే వాళ్లకు వెయ్యి డాలర్లో, కాస్త అటూ ఇటూగానో దక్కుతాయి. అమ్మ ఏడ్చిన రాత్రిని, నాన్న కారు చెట్టుకు గుద్దిన తెల్లవారుజామును అక్షరదోషాలు లేకుండా, గడువులోగా, చెప్పిన పదాల లెక్కకు మించకుండా రాయాలి. ఇంతటి సదుపాయం మన పిల్లలకు లేకపోయెనే అని ఒక పెద్దమనిషి నా దగ్గర నొచ్చుకున్నారు.

పాపం, ఆయనకు తెలియదు. మనకు అంతకన్నా పెద్దదే ఉంది. మన పిల్లలు వ్యాసం రాయనక్కర్లేదు, ఏడుపులో పోటీ పడనక్కర్లేదు. నాన్న సాయంత్రం ఇంట్లోంచి బయలుదేరితే చాలు, దరఖాస్తు పెట్టినట్టే. అమెరికాలో ఒక ఆస్పత్రి ఏడాదికి ఒకరికో ఇద్దరికో ఇస్తే గొప్ప. ఇక్కడ లక్షల మందికి, ముఖ్యమంత్రి ఫొటోతో సహా అందుతుంది.

నమ్మకం కుదరకపోతే ఆంధ్రప్రదేశ్ చట్టం చూడండి. 2021లో మద్యం వ్యాపార నియంత్రణ చట్టాన్ని సవరించి, అమ్మఒడి, చేయూత, ఆసరా పథకాలను అమలు చేసే బాధ్యతను స్టేట్ బెవరేజెస్ కార్పొరేషన్‌కు అప్పజెప్పారు. అంటే సీసాలు కొని, సీసాలు అమ్మే సంస్థకు. ఒకటో తరగతి నుంచి ఇంటరు దాకా చదివే పిల్లల తల్లులకు ఏడాదికి 15,000 ఇచ్చే పథకం అమ్మఒడి. ఇంటరు పిల్లవాడంటే మన లెక్కలో కాలేజీ పిల్లవాడే. విద్యాశాఖ ఒకటుంది, దానికో మంత్రి ఉన్నారు, కమిషనర్లున్నారు, డైరెక్టర్లున్నారు. వాళ్లెవరికీ చేతకాని పని మద్యం కార్పొరేషన్ చేతిలో పెట్టారు. ఇంత నిజాయితీగా రాసిన చట్టం మన దేశంలో మరొకటి ఉంటుందని నేననుకోను. తండ్రి తాగిన డబ్బే తల్లి ఖాతాలో పడుతోందని మామూలుగా ప్రతిపక్షాలు ఎత్తిపొడవాలి. ఇక్కడ ఆ మాట ప్రభుత్వమే గెజిట్‌లో అచ్చేయించింది.

ఇది మద్యం మీద ప్రేమతోనో, అమ్మల మీద ప్రేమతోనో జరిగింది కాదు. అప్పు కోసం జరిగింది. పన్ను రూపంలో వస్తే ఖజానా సొమ్ము అవుతుంది, ఖజానా అప్పుకు కేంద్రం గీత గీసి ఉంది. అదే డబ్బును కార్పొరేషన్ మార్జిన్ అని పిలిస్తే కార్పొరేషన్ ఆదాయం అవుతుంది, దాన్ని చూపించి కార్పొరేషన్ అప్పు తెచ్చుకోవచ్చు. 2022 జూన్‌లో తెచ్చుకుంది కూడా. బాండ్లు అమ్మి 8,305 కోట్లు, తొమ్మిదిన్నర శాతం పైచిలుకు వడ్డీకి. ఆ బాండ్లు కొన్న పెద్దలు ఏ ధైర్యంతో కొన్నారో ఆలోచించండి. భూమి తాకట్టు లేదు, బంగారం తాకట్టు లేదు. ఈ రాష్ట్రంలో మగవాడు రేపు కూడా తాగుతాడు, ఎల్లుండి కూడా తాగుతాడు, పదేళ్ల తర్వాతా తాగుతూనే ఉంటాడు అన్న భరోసా ఉంది. మద్యాన్ని దశలవారీగా నిషేధిస్తామని ఓట్లడిగి గెలిచిన ప్రభుత్వమే ఆ భరోసా ఇచ్చింది. ఓటరుకు ఒక హామీ, మదుపరికి ఒక హామీ. రెండింట్లో ఏది నిలబెట్టుకున్నారో చెప్పక్కర్లేదు.

ఆ ప్రభుత్వం దిగిపోయింది, వేరే ప్రభుత్వం వచ్చింది. అమ్మఒడి పేరు తల్లికి వందనం అయింది. సర్కారు దుకాణాలు పోయి 2024 అక్టోబరులో ప్రైవేటు దుకాణాలొచ్చాయి, మొత్తం 3,396. పేదవాడికి నాణ్యమైన సరుకు అందుబాటు ధరలో ఇస్తామన్న మాట ప్రకారం 99 రూపాయల క్వార్టరు వచ్చింది. పాత ప్రభుత్వం ధర పెంచింది, షాక్ తగిలితే పేదవాడు తాగడు అంటూ. కొత్త ప్రభుత్వం ధర దించింది, పేదవాడు కల్తీ తాగి పోకూడదు అంటూ. ఇద్దరికీ పేదవాడి మీదే ధ్యాస. పేదవాడు మాత్రం రెండు ధరల్లోనూ తాగి, ఇద్దరి మాటా నిలబెట్టాడు.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. తాపీ పనికి వెళ్లే ఒక తండ్రిని తీసుకోండి. మంచివాడు, నిగ్రహం ఉన్నవాడు, రోజుకు ఒక్క క్వార్టరుతో సరిపెట్టుకుంటాడు. పండక్కి ఎక్కువ తాగడు, కూలి దొరికిందని సంబరపడి తాగడు, దొరకలేదని దిగులుపడి తాగడు. ఇలాంటివాడు కథల్లోనే ఉంటాడు గానీ లెక్క కోసం ఉన్నాడనుకుందాం. ఏడాదికి 36,135 రూపాయలు. గాంధీ జయంతినాడు దుకాణం మూస్తారు కదా, 99 తీసెయ్యాలి కదా అని ఎవరైనా అడగొచ్చు. బెల్టు షాపు తెరిచే ఉంటుంది, తీసెయ్యక్కర్లేదు. పైగా ఆ రోజు ధర ఎక్కువ.

తల్లికి వందనం కింద 2025 జూన్‌లో అతని భార్య ఖాతాలో బిడ్డకు 13,000 చొప్పున పడ్డాయి. పదిహేను వేలు కదా అంటారేమో. రెండు వేలు బడి మరమ్మతులకు, మరుగుదొడ్లు కడగడానికి మినహాయించుకున్నారు. 36,135 ఇచ్చి 13,000 పుచ్చుకున్న కుటుంబం ముఖ్యమంత్రికి పాలాభిషేకం చేసింది. ఆ 36,135 అంతా సర్కారుకే పోదు, తయారుచేసినవాడికీ అమ్మినవాడికీ వాటాలున్నాయి అని ఎక్సైజు వాళ్లు సర్దిచెబుతారు. నిజమే. కానీ కూలివాడి జేబులోంచి పోయేటప్పుడు అది వాటాలుగా పోదు, మొత్తంగానే పోతుంది.

ఇంట్లో ఎంతమంది పిల్లలుంటే అంతమందికీ ఇస్తారు కనుక ముగ్గురున్న ఇంటికి 39,000 వస్తాయి. ఇక్కడ లెక్క తలకిందులవుతుంది. తండ్రి తాగుతున్నదానికన్నా బిడ్డలకు వస్తున్నది 2,865 ఎక్కువ. ఇది రాష్ట్రానికి మంచిది కాదు. తండ్రి ఏడాదిలో ఇంకో ఇరవై తొమ్మిది క్వార్టర్లు తాగితే గానీ ఖాతా సమం కాదు, అతను దేశభక్తుడైతే తాగుతాడు. పిల్లల్ని ఎక్కువగా కనండని ముఖ్యమంత్రిగారు ఈమధ్య సభల్లో చెబుతున్నారు. ఆర్థికశాఖ వాళ్లు ఆయన పక్కన కూర్చుని ఈ లెక్క ఒకసారి చూపిస్తే మంచిది.

తెలంగాణ ఇందులో వెనకబడిందని ఎవరూ బాధపడకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం అక్కడ పదిహేనేళ్లు దాటిన మగవాళ్లలో నూటికి 43 మంది మద్యం తీసుకుంటారు. దక్షిణాదిలో ఆ రాష్ట్రమే ముందు. అయితే తెలంగాణ గొప్పతనం తాగుడులో లేదు, దరఖాస్తులో ఉంది.

ఆ రాష్ట్రంలో దరఖాస్తులు రెండు రకాలు. మొదటిది వైన్‌షాపు దరఖాస్తు. 2023లో 2,620 దుకాణాలకు దరఖాస్తులు పిలిస్తే లక్షా ముప్పై వేలకు పైగా వచ్చాయి. ఒక్కోదానికి రుసుము 2 లక్షలు. లాటరీలో దుకాణం రాకపోయినా ఆ రెండు లక్షలు వెనక్కి రావు. చుక్క మందు అమ్మకుండానే 2,600 కోట్లు ఖజానాలో పడ్డాయి. 2025లో రుసుము 3 లక్షలు చేశారు, దరఖాస్తులు తగ్గినా రాబడి పెరిగింది. జిల్లా కలెక్టరు స్వయంగా కూర్చుని లాటరీ తీస్తారు. గౌడ సోదరులకు, ఎస్సీలకు, ఎస్టీలకు దుకాణాల్లో రిజర్వేషన్లు కూడా ఉన్నాయి. సామాజిక న్యాయానికి ఇంతకన్నా ఏం కావాలి?

రెండోది ఫీజు రీయింబర్స్‌మెంటు దరఖాస్తు. దీనికి రుసుము లేదు, అందుకే విలువా లేదు. కులం సర్టిఫికెట్టు, ఆదాయం సర్టిఫికెట్టు, బోనఫైడు, ఆధారు, బ్యాంకు పాసుబుక్కు, వేలిముద్ర అన్నీ ఇచ్చాక ఈ-పాస్‌లో మీ దరఖాస్తు పరిశీలనలో ఉంది అని వస్తుంది. పిల్ల బీటెక్ రెండో ఏడులో ఉన్నప్పుడు మొదలైన పరిశీలన, ఆ పిల్ల పెళ్లి చేసుకుని బిడ్డకు అన్నప్రాసన చేసేదాకా సాగుతుంది. బకాయిలు రాలేదని కాలేజీవాడు సర్టిఫికెట్లు ఆపుకుంటాడు, సర్టిఫికెట్లు లేవని ఉద్యోగమిచ్చేవాడు చేతులెత్తేస్తాడు. 2025 నవంబరులో ప్రైవేటు కాలేజీలు బకాయిలు కట్టమని తలుపులకు తాళాలే వేశాయి. అదే రోజుల్లో కొత్త వైన్‌షాపులకు తాళాలు తీసే ఏర్పాట్లు సాగుతున్నాయి. వైన్‌షాపువాడి డబ్బు ‘తిరిగి ఇవ్వబడదు’, విద్యార్థి డబ్బు ‘తరువాత ఇవ్వబడును’. తేడా అంతే.

మందు ఇలా ఉండగా, మాదకద్రవ్యాల సంగతి వేరు. అక్కడ సర్కారు నిప్పులాంటిది. రెండు రాష్ట్రాల్లోనూ ఈగిల్ పేరుతో ప్రత్యేక దళాలున్నాయి. జూన్ 26న పిల్లల్ని ఎండలో నిలబెట్టి మత్తుకు దూరంగా ఉంటామని ప్రతిజ్ఞ చేయిస్తారు. కాలేజీల్లో కమిటీలు, గోడల మీద ఫ్లెక్సీలు. మంచిదే, గంజాయి పిల్లల్ని తినేస్తోంది, కాదనేవాళ్లు లేరు. కానీ ఆ ప్రతిజ్ఞ చేసిన పిల్లవాడు ఇంటికి వెళ్తే గుమ్మంలో నాన్న పడి ఉంటాడు. ఆ మత్తు ఏ ఫ్లెక్సీలోనూ లేదు. దాని మీద హోలోగ్రాం ఉంది, ప్రభుత్వ ముద్ర ఉంది. ముద్ర లేనిది మత్తు, ఉన్నది రాబడి. గుడికీ బడికీ దుకాణం నూరు మీటర్ల దూరంలో ఉండాలన్న నిబంధన కూడా ఉంది. టేపు పట్టి కొలుస్తారు. అంటే పిల్లవాడు నాన్నను వెతకడానికి బడి గేటు నుంచి నూరు మీటర్లకు మించి నడవనక్కర్లేకుండా చూశారన్నమాట.

రాజ్యాంగంలో 47వ అధికరణం మత్తు పానీయాల నిషేధానికి రాజ్యం ప్రయత్నించాలని చెబుతుంది. ఇంటరు పౌరశాస్త్రంలో ఆదేశిక సూత్రాల కింద పిల్లలు దాన్ని బట్టీపడతారు. రాసినవాడికి మార్కులేస్తారు. పాటించమన్న పార్టీలు మాత్రం ప్రతిపక్షంలో ఉంటాయి.

పంతుళ్లను కూడా మరిచిపోకూడదు. 2020 మేలో లాక్‌డౌన్ సడలించి ఆంధ్రప్రదేశ్‌లో మద్యం దుకాణాలు తెరిచినప్పుడు ధర 75 శాతం పెంచినా జనం కిలోమీటర్ల కొద్దీ నిలబడ్డారు. ఆ క్యూలు అదుపు చేయడానికి విశాఖ జిల్లాలో ప్రభుత్వ ఉపాధ్యాయులను డ్యూటీ వేశారు. తరగతిలో హాజరు పిలిచిన గొంతుతోనే దుకాణం ముందు వరస సరిచేశారు. బళ్లో కొడుకు హాజరు 75 శాతం ఉంటేనే అమ్మఒడి అన్న నిబంధన ఆ రోజుల్లో ఉండేది. తండ్రి హాజరు నూటికి నూరు. ఆ మాస్టార్లకు ఒక తరంతో కాకపోయినా మరో తరంతో పూర్తి హాజరు చూసే అదృష్టం దక్కింది.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదు. అంటే మన సర్కార్లు ఇంత తెలివి మీరక ముందు. 1980ల్లో వారుణి వాహిని పేరుతో సారాను పొట్లాల్లో పోసి పల్లెల్లోకి పంపినా, దాన్ని చదువుతో ముడిపెట్టాలన్న ఆలోచన అప్పటివాళ్లకు తట్టలేదు. అందుకే దెబ్బతిన్నారు. నెల్లూరు జిల్లాలో అక్షరదీపం అని వయోజనులకు చదువు చెప్పే కార్యక్రమం పెట్టారు. ఆడవాళ్లు రాత్రిళ్లు లాంతరు ముందు కూర్చుని అక్షరాలు నేర్చుకున్నారు, వాచకంలో సారా గురించి పాఠం చదివారు. చదివి ఊరుకోలేదు. 1992లో దూబగుంటలో రోశమ్మ, ఆమెతోపాటు ఊరి ఆడవాళ్లు చీపుర్లు పట్టుకుని సారా కొట్టు మూయించారు. ఊరి తర్వాత ఊరు అందుకుంది. 1993 అక్టోబరు నాటికి రాష్ట్రమంతటా సారా నిషేధం, 1995 జనవరి 16న ఎన్టీ రామారావు చేతుల మీదుగా సంపూర్ణ మద్యనిషేధం. 1997లో ఆయన అల్లుడిగారి చేతుల మీదుగా దానికి సంపూర్ణ వీడ్కోలు.

ఆ ఉద్యమం నుంచి రోశమ్మ ఏం నేర్చుకుందో గానీ, ప్రభుత్వాలు మాత్రం చాలా నేర్చుకున్నాయి. దూబగుంట ఆడవాళ్లకు పోగొట్టుకోవడానికి ఏమీ లేదు, కొట్టు మూస్తే లాభమే తప్ప నష్టం లేదు. అదీ సర్కారు చేసిన తప్పు. ఇప్పుడు రోశమ్మ మనవరాలి వయసున్న అమ్మాయి చీపురు పట్టుకుని వైన్‌షాపు ముందు నిలబడిందనుకోండి. ఎక్సైజు వాళ్లు రానక్కర్లేదు, పోలీసులు రానక్కర్లేదు. సచివాలయం నుంచి ఒకాయన వచ్చి మెల్లగా చెబితే చాలు.

“అమ్మా, మీ పెద్దాడు డిగ్రీ కదా? రెండోది ఇంటరు కదా? ఆ డబ్బు ఎక్కడ్నించి వస్తుందనుకుంటున్నావు?”

చీపురు దానంతటదే దిగిపోతుంది. తాగుడు మానమని మొగుణ్ణి అడగాలంటే ముందు పిల్లల చదువు ఆపేసుకోవాలి అన్నట్టు చేసి పెట్టారు. భర్త తాగకపోతే కాలేజీ ఫీజుకు గండి, తాగితే ఇంటికి గండి. ఏ గండిలో పడాలో ఎంచుకునే స్వేచ్ఛ ఆమెదే, ప్రజాస్వామ్యం కదా.

మాన్పించే ప్రయత్నాలు అసలే లేవని అనను. ప్రభుత్వాసుపత్రుల్లో డీ-అడిక్షన్ కేంద్రాలున్నాయి, పెద్ద ఊళ్లలో, వెతికితే దొరుకుతాయి. బెల్టు షాపు వెతక్కుండానే దొరుకుతుంది. ఈ రెండింటికీ మధ్య ఉన్నది కరెంటు స్తంభానికి అతికించిన కాగితం: తెలియకుండా అన్నంలో కలిపి తాగుడు మాన్పించబడును. సెల్ నంబరు. ఆ పొడిలో ఏముందో కలిపేవాడికీ తెలియదు. మనవాళ్లలో నిజంగా మాన్పించేది ఒక్క అయ్యప్పస్వామే, అదీ నలభై ఒక్క రోజులు. మాల వేసినన్నాళ్లు నల్లబట్టలు, చన్నీళ్ల స్నానం, పిల్లలతో మెత్తని మాట. మాల తీసిన రాత్రికి దుకాణం ముందు బాకీ చుక్కలన్నీ వసూలు. ఎంత తాగుబోతయినా నలభై ఒక్క రోజులు ఉండగలడని ఏటా రుజువవుతూనే ఉంది. ఆ రుజువు ఏ ప్రభుత్వానికీ అక్కరకు రాలేదు.

ఇదంతా ఇంత పద్ధతిగా నడుస్తున్నప్పుడు ఇంకా అమ్మఒడి, వందనం, దీవెన అని చుట్టుతిరుగుడు పేర్లెందుకు? ధైర్యంగా పేరు పెట్టుకోవచ్చు. తాగుడు బాధిత విద్యార్థి ఉపకార వేతనం. జీవో ముసాయిదా నేనే రాసిపెట్టాను, సంతకం ఒక్కటే తక్కువ.

అర్హత: విద్యార్థి తండ్రి తాగుబోతు అయి ఉండాలి. తాగుబోతు ధ్రువీకరణ పత్రం తహసీల్దారు ఇస్తారు, మీసేవలో దరఖాస్తు చేసుకోవాలి, ఆరు నెలలకు ఒకసారి కొత్తది తెచ్చుకోవాలి. దుకాణం బిల్లులు జతచేయాలి. దుకాణంవాళ్లు బిల్లులివ్వరు కదా అని అభ్యంతరం చెప్పేవాళ్ల దరఖాస్తులు తిరస్కరిస్తారు. క్షేత్రస్థాయి విచారణకు ఆర్ఐ ఇంటికి వస్తారు. మొన్న ఒక తల్లికి, ఒక ఆర్ఐకి మధ్య జరగబోయే సంభాషణ నా చెవిన పడింది.

“మీ ఆయన తాగుతాడని రుజువేదమ్మా?”

“రాత్రి ఎనిమిదింటికి రండి సార్, రుజువే మీ దగ్గరికి నడిచొస్తుంది. నడవలేకపోతే ఇద్దరు పట్టుకొస్తారు.”

“ఆఫీసు టైము అయిదింటిదాకే.”

“అప్పటికి ఆయన ఇంకా మంచోడే సార్.”

అర్హత లేదని రాసుకుని వెళ్లిపోతారు. క్లబ్బులో స్కాచ్ తాగే తండ్రులు క్రీమీలేయరు కిందకు వస్తారు, వాళ్ల పిల్లలు అనర్హులు, వాళ్లెలాగూ అమెరికా వెళ్లి వ్యాసం రాసుకోగలరు. అయ్యప్పమాల కాలానికి వేతనం నలభై ఒక్క రోజులు నిలిపివేస్తారు. తండ్రి రెండు బ్రాండ్లు తాగినా ఒక్క వేతనమే. లివరు పోయి తండ్రి చనిపోతే, ఖజానాకు నిత్యం జమచేసే చేయి ఒకటి తగ్గినందున, మిగిలిన వాయిదాలు ఆర్థికశాఖ అనుమతికి లోబడి ఉంటాయి.

తండ్రి తాగుడు మానేస్తే ఆ సంగతి కుటుంబం పదిహేను రోజుల్లోగా సచివాలయంలో తెలియజేయాలి. దాచిపెడితే అప్పటిదాకా ఇచ్చినదంతా రెవెన్యూ బకాయిలా వసూలు చేస్తారు. నిజంగానే మానేశాడా అన్నదానికి రుజువులు తేనక్కర్లేదు, ఆ ఊరి దుకాణంలో అమ్మకం తగ్గితే ఎక్సైజు శాఖకు అదే రోజు తెలుస్తుంది.

చివరి నిబంధన: మద్యం కొనడానికి చట్టం చెప్పిన వయసు 21 కనుక, ఆ వయసు నిండిన రోజున విద్యార్థి లబ్ధిదారుల జాబితాలోంచి తొలగి దాతల జాబితాలోకి మారతాడు, వేరే దరఖాస్తు అక్కర్లేదు. విద్యార్థిని అయితే ఆమె భర్త పేరు నమోదు చేస్తారు.